బరంపురంలో ఒక థ్రిల్లర్ మీద తగువు: దాని వెనక ముప్ఫై ఏళ్ళ కథ

ఒడిశాలోని మా బరంపురంలో గేటు బజారు వెనక సందులో ఒక మిత్రుడి మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి కలుస్తాం. తెలుగో ఒడియానో ఇంగ్లీషో, ఎవరికి ఏది దొరికితే అది చదివి వస్తాం. మామూలుగా టీ చల్లారేలోపే మాటలు పిల్లల పెళ్ళిళ్ళ మీదికి మళ్ళిపోతాయి. ఈమధ్య మాత్రం వరసగా రెండు ఆదివారాలు ఒకే పుస్తకం మీద గొంతులు లేచాయి. అదేమీ కొత్త పుస్తకం కాదు. మైకేల్ క్రైటన్ రాసిన 'స్టేట్ ఆఫ్ ఫియర్', 2004 డిసెంబరులో వచ్చింది. మా బ్యాంకు కుర్రాడు పాత పుస్తకాల కుప్పలోంచి కొని తెచ్చాడు. అట్ట ఊడిపోయి ఉంది.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పర్యావరణ ఉద్యమం పేరు చెప్పుకునే ఒక ముఠా, భూతాపం అంటే జనం భయపడాలని తామే విపత్తులు పుట్టించే పనిలో ఉంటుంది. అంటార్కిటికాలో మంచుపలకను పగలగొట్టాలని చూస్తారు, చివర్లో పసిఫిక్‌లో సునామీ లేపాలని చూస్తారు. ఛేజింగులు, విషప్రయోగాలు ఎలాగూ ఉన్నాయి. తగువు పెట్టింది అవి కాదు. నవల మధ్యలో గ్రాఫులున్నాయి, పేజీ అడుగున అసలు సిసలు పరిశోధన పత్రాల పేర్లతో ఫుట్‌నోట్లున్నాయి, చివర రచయిత సొంత అభిప్రాయాలున్నాయి. కుర్రాడికి నచ్చింది సరిగ్గా అదే. "కథ కల్పితం అయితే అయింది బావా, లెక్కలు నిజమే కదా" అంటాడు. మా లెక్కల మాస్టారు రిటైరై పదేళ్ళు దాటినా సుద్దముక్క వదలని మనిషి. ఆయనకి మండింది కూడా అక్కడే.

ఈ తగువు నవలతో మొదలవలేదు. 1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, భూమి వేడెక్కుతోందని 99 శాతం నమ్మకంతో చెప్పగలనన్నాడు. వాషింగ్టన్‌లో ఆ రోజు కూడా ఎండ మండిపోతోంది. మర్నాడు పేపర్లన్నిటా అదే వార్త. ఆయన తనతో మూడు గీతలున్న గ్రాఫు పట్టుకెళ్ళాడు. ఏ, బీ, సీ. వేడి పెంచే పొగ ఇలాగే ఏటికేడు పెరుగుతూ పోతే ఏ. పెరుగుదల నెమ్మదిస్తే బీ. 2000 కల్లా పెరగడం ఆగిపోతే సీ. వీటిలో బీ జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని ఆయనే అన్నాడు. బీ, సీ గీతల్లో 1995లో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలుతుందని కూడా ఊహించి లెక్క కట్టాడు. ఎందుకంటే అలాంటివి పేలితే ఆ ధూళి కొన్నాళ్ళు భూమిని చల్లబరుస్తుంది. నిజంగానే పేలింది, కాకపోతే నాలుగేళ్ళు ముందు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో.

పదేళ్ళకి, 1998లో, పాట్రిక్ మైకేల్స్ అనే మరో శాస్త్రవేత్త అమెరికా కాంగ్రెస్ ముందు అదే గ్రాఫు చూపించాడు. అప్పటికి దాని మీద ఏ గీత ఒక్కటే మిగిలింది, బీ, సీ చెరిపేశాడు. చూడండి, హాన్సెన్ చెప్పిందెంత, జరిగిందెంత అన్నాడు. ఆ మాట అక్కడా ఇక్కడా తిరిగి ఆరేళ్ళకు నవల్లోకి చేరింది. హాన్సెన్ లెక్క 300 శాతం తప్పిందని అందులో ఒక పాత్ర చేత అనిపిస్తారు.

మాస్టారు కిరాణా బిల్లు వెనక పెన్సిలుతో మూడు గీతలు గీశారు. రెండిటిని బొటనవేలితో మూశారు. "నువ్వు పరీక్షలో మూడు పద్ధతుల్లో లెక్క చేశావు, నేను తప్పు దానికే మార్కులేసి నిన్ను ఫెయిల్ చేశాను. నీకు ఎలా ఉంటుంది?" అని అడిగారు. కుర్రాడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. న్యాయంగా చెప్పాలంటే బీ గీత కూడా అసలు వేడి కంటే కొంచెం పైనే నడిచింది. కొంచెం పైన నడవడం వేరు, 300 శాతం వేరు.

మధ్యలో రాజకీయం చేరకపోతే ఇది లెక్కల తగువుగానే ఉండేది. 1992లో రియోలో దేశాలన్నీ వాతావరణ ఒప్పందం మీద సంతకాలు పెట్టేటప్పుడు బాధ్యత అందరిదీ అన్నారు, కాకపోతే ఎవరి స్తోమతను బట్టి వాళ్ళది అన్నారు. అంతకు ముందు ఏడాదే పర్యావరణ పరిశోధకులు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఢిల్లీ నుంచి గట్టిగా అడిగారు: వరి మడిలోంచి వచ్చే మీథేను వాయువునూ, వాళ్ళ కార్లలోంచి వచ్చే పొగనూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారని. 1997 జులైలో, పొగ తగ్గించుకోవాలన్న క్యోటో ఒప్పందానికి ముందే, అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో తేల్చేసింది, వర్ధమాన దేశాలకు లేని షరతులు మాకూ వద్దని. 2001లో బుష్ ప్రభుత్వం క్యోటో నుంచి పూర్తిగా తప్పుకుంది. సరిగ్గా ఆ వేడిలో నవల వచ్చింది. అందుకే అక్కడి పాఠకులు దాన్ని పార్టీ జెండా పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఒక పక్షానికి అది ధైర్యం, రెండో పక్షానికి అబద్ధం. కథ ఎలా ఉందన్న మాట ఎత్తినవాళ్ళు తక్కువ. (నన్నడిగితే మొదటి సగం బాగా పరిగెడుతుంది, రెండో సగం ఉపన్యాసాల బరువుకి కుంటుతుంది.)

2005 సెప్టెంబరులో సెనేటర్ జేమ్స్ ఇన్‌హోఫ్ ఈ నవలా రచయితను సెనేట్ పర్యావరణ కమిటీ ముందు సాక్ష్యానికి పిలిచారు. మరుసటి ఏడాది అమెరికా చమురు భూగర్భ శాస్త్రవేత్తల సంఘం దీనికి అవార్డు ఇచ్చింది. నవలకి కాబట్టి సాహిత్య అవార్డు అనుకుంటారేమో, వాళ్ళిచ్చింది జర్నలిజం అవార్డు. అదే ఏడాది జులైలో పీటర్ డోరన్ అనే పరిశోధకుడు న్యూయార్క్ టైమ్స్‌లో మొత్తుకున్నాడు. అంటార్కిటికాలో కొన్ని భాగాలు చల్లబడ్డాయని తాను 2002లో రాసిన పత్రాన్ని, భూమి వేడెక్కడమే లేదన్నట్టు ఈ నవలతో సహా అందరూ వాడేసుకుంటున్నారని.

అవతలి పక్షం కూడా అన్నిసార్లూ నిక్కచ్చిగా ఉందని అనలేం. హిమాలయాల మంచు 2035 కల్లా కరిగిపోవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం 2007 నివేదికలో రాసింది. 2009 నవంబరులో హిమానీనదాల శాస్త్రవేత్త వి.కె. రైనా పత్రం అంత తొందరేమీ కనిపించడం లేదంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ దాన్ని విడుదల చేస్తే, ఆ సంఘం ఛైర్మన్ పచౌరీ 'వూడూ సైన్స్', అంటే మంత్రాల శాస్త్రం, అని కొట్టిపారేశారు. మూడు నెలలు తిరక్కుండానే ఆ సంఘమే 2035 తప్పని ఒప్పుకుంది. మా కుర్రాడి చేతిలో ఇది తురుపు ముక్క. మాస్టారు దీనికి జవాబు చెప్పలేదు, టీ తాగారు.

అయితే ఆ నవలను బరంపురంలో కూర్చుని చదవడం వేరు. భయం తయారు చేసి అమ్ముతున్నారన్నది దాని అసలు వాదన. మా దగ్గర కథ తిరగబడింది. ఇక్కడ భయం వేళకు అందక జనం పోయారు.

1998 వేసవిలో వడగాడ్పులకు ఒడిశాలో 2,042 మంది చనిపోయారు. మరుసటి ఏడాది అక్టోబరులో రెండు తుఫాన్లు. మొదటిది గోపాలపురం దగ్గర తీరం దాటి మా మీదుగానే పోయింది. మా ఇంటి పెంకులు వరసలు వరసలుగా లేచి పక్కింటి పెరట్లో పడ్డాయి. ఇంకా కరెంటు స్తంభాలు సరిగా లేపనేలేదు, 29న పారాదీప్ వైపు రెండోది. గంటకు 260 కిలోమీటర్ల గాలి. ఒడియావాళ్ళు ఇప్పటికీ దాన్ని మహాబాత్య అనే అంటారు. పదివేల మంది దాకా పోయారు. హెచ్చరిక రేడియోలో వచ్చింది. పరిగెత్తి తలదాచుకోవడానికి షెల్టర్లు మాత్రం రాష్ట్రం మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆ డిసెంబరులోనే రాష్ట్రంలో విపత్తుల సంస్థ పెట్టారు. తర్వాత తీరం పొడుగునా స్తంభాల మీద నిలబడ్డ షెల్టర్లు లేచాయి, ఇప్పుడవి ఎనిమిది వందలు దాటాయి.

2013 అక్టోబరు 12, దసరా అష్టమి. ఫైలిన్ తుఫాను గోపాలపురానికే గురి పెట్టింది. రెండు రోజుల ముందు నుంచే మైకు కట్టిన ఆటోలు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరుస్తూ తిరిగాయి. పది లక్షల మంది దాకా తరలించారు. రానివాళ్ళను బలవంతంగా ఎక్కించారు కూడా. నిపుణుల మధ్య తగువు అప్పుడూ ఉంది. ఇది 1999 స్థాయి సూపర్ సైక్లోన్ అని అమెరికా వైపు అంచనాలు, మన వాతావరణ శాఖ తక్కువ చేసి చెబుతోందని విమర్శలు. ఆ శాఖలో తుఫాను హెచ్చరికలు చూసే మృత్యుంజయ మహాపాత్ర బృందం గంటకు 210, 220 కిలోమీటర్ల దగ్గరే నిలబడింది. ఆ రాత్రి తలుపుకి రోకలి అడ్డం పెట్టి, దాని మీద మా నాన్న, నేను భుజాలు ఆనించి కూర్చున్నాం. గాలి 215 దాకా వీచిందని తర్వాత తెలిసింది. మనవాళ్ళ లెక్కే నిలిచింది. తెల్లారి చూస్తే మొగలి పొదలు వేళ్ళతో సహా తిరగబడి ఉన్నాయి. గంజాం మొగలి అత్తరు బతుకు అంతా ఆ పొదల మీదే. రాష్ట్రంలో పోయినవాళ్ళు యాభై మందిలోపు.

ఒక్క తుఫానును పట్టుకుని ఇది భూతాపం చేసిన పనే అని ఏ శాస్త్రవేత్తా అనడు. సముద్రం వేడెక్కే కొద్దీ తుఫానుకు ఇంధనం పెరుగుతుందని, నీటిమట్టం పెరిగితే ఉప్పెన ఇంకా లోపలికొస్తుందని మాత్రం అంటారు. ఈ తేడా చెప్పకుండా ఊదరగొట్టినందుకే మా కుర్రాడికి కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది.

రెండో ఆదివారం తగువు తెగక, మూడో ఆదివారం నలుగురం రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరి పోదంపేటకు వెళ్ళాం. తెలుగు జాలర్ల ఊరు. సముద్రం ఇళ్ళను కోసేస్తే జనాన్ని లోపలికి తరలించారు. ఒక ఇంటికి మూడు గోడలే ఉన్నాయి. నాలుగోవైపు నేరుగా అల. గూట్లో పసుపు బొట్లు చెరగలేదు. మాస్టారు సముద్రమట్టం అన్నారు. రేవుల కోసం కట్టే రాతిగోడలు ఉత్తరానికి కదిలే ఇసుకను ఆపేస్తాయి, ఏటి మొగ కూడా చోటు మారుతుంది, వాటి సంగతేంటని కుర్రాడు అడిగాడు. మాస్టారు ఈసారి తల ఊపారు. ఇద్దరూ ఇసుక మీద పుల్లతో గీతలు గీయడం మొదలుపెట్టారు.

ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ముసలమ్మను నేను అడిగాను, తుఫాను కబురు చెప్పేవాళ్ళను మీరు నమ్ముతారా అని.

"మైకు ఆటో వచ్చిందంటే పిల్లల్నెత్తుకొని ఎల్లిపోతాం బాబూ. గాలి రాకపోతే వాళ్ళని తిట్టుకుంటా తిరిగొస్తాం."