"పని అయ్యాక చూసుకుందాం" అనే మాట దగ్గరే మునుగుతున్నారు

ఫైనలియర్ జ్యూరీలు, అంటే పిల్లల పనిని నిపుణులు చూసి మార్కులేసే పరీక్షలు, ముగిసిన వారంలో నా దగ్గరికి వచ్చే పిల్లలందరిదీ దాదాపు ఒకే కథ. ఈసారి వచ్చింది అప్లైడ్ ఆర్ట్ అమ్మాయి. వాళ్ల పిన్ని స్నేహితురాలు దిల్‌సుఖ్‌నగర్‌లో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెడుతూ సీసాలకు లేబుల్ చేసిపెట్టమంది. "ఎంతివ్వమంటావమ్మా?" అని ఆవిడే అడిగింది కూడా. "పని అయ్యాక చూసుకుందాం ఆంటీ" అంది ఈ పిల్ల. పదకొండు సార్లు మార్పులు చేయించుకుని, నెలన్నర తర్వాత రెండు వేలు ఫోన్‌పే చేశారు. ఇప్పుడు అదే బొమ్మ సీసాల మీద, అట్టపెట్టెల మీద, ఆటోల వెనక కనిపిస్తోంది. "తప్పు నాదే కదా మేడమ్" అని నా ముందు కూర్చుని ఏడ్చింది.

డబ్బు మాట ముందే ఎత్తితే పని చేజారుతుందని, కళకు మర్యాద కాదని ఆ పిల్లకి చెప్పి పెంచింది మనమే. ఫైన్ ఆర్ట్స్, యానిమేషన్, ఇంటీరియర్ పిల్లలకు వ్యాపారం పాఠాలు చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఇంతమందిని ముంచిన అపోహ నాకు ఇంకోటి కనబడలేదు.

మా నాన్న నారాయణగూడలో దుకాణాలకు బోర్డులు రాసేవారు. సగం డబ్బు చేతిలో పడందే రంగు డబ్బా మూత తీసేవారు కాదు. రంగులు కొనాలి కాబట్టి అడుగుతున్నాడని అందరికీ తెలుసు, ఎవరూ నొచ్చుకునేవారు కాదు. లాప్‌టాప్‌లో చేసే పనికి రంగుల డబ్బాలు కంటికి కనబడవు. అందుకే ఖర్చేమీ లేదని ఇచ్చేవాళ్లూ అనుకుంటున్నారు, చేసే పిల్లలూ అనుకుంటున్నారు.

ఆ అమ్మాయితో కాగితం మీద లెక్క వేయించాను. నెలకు 30,000 ఇంటికి తీసుకెళ్లాలి. లాప్‌టాప్ ఈఎంఐ, సాఫ్ట్‌వేర్, నెట్, తిరుగుళ్లకు ఇంకో 10,000. మొత్తం 40,000. పని దినాలు 22 ఉన్నా క్లయింట్లను కలవడానికి, కొటేషన్లకు, బాకీల వెంట తిరగడానికి పోగా డబ్బు తెచ్చే రోజులు 12 మిగిలితే గొప్ప. అంటే రోజుకు సుమారు 3,300. లేబుల్‌కి మార్పులతో కలిపి ఎనిమిది రోజులు పట్టింది కాబట్టి 26,000 పైమాటే. కొత్త వ్యాపారం, ఆవిడ అంత ఇచ్చుకోలేకపోవచ్చు. అలాంటప్పుడు రోజు రేటు ముట్టుకోకుండా పనిని తగ్గించుకోవాలి. ఆవకాయ సీసా ఒక్కదానికే లేబుల్, రెండే సార్లు మార్పులు అని చెప్పాలి.

చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లో పెట్టండి. ఏం చేసిస్తాను, ఎన్నిసార్లు మారుస్తాను, ఎంత, సగం అడ్వాన్స్, మిగతా సగం ఫైనల్ ఫైల్ పంపేముందు. నాలుగు లైన్లు. అటునుంచి "సరే" వచ్చి, అడ్వాన్స్ పడ్డాకే పని మొదలుపెట్టండి. మేనమామ అయినా సరే.

బొమ్మ మీద హక్కులు ఇచ్చేయాలంటే మాత్రం వాట్సాప్ సరిపోదు, సంతకం చేసిన కాగితం కావాలి. కాపీరైట్ చట్టం 1957లోదే. ఎన్నేళ్లకో ఆ కాగితంలో రాయకపోతే 5 ఏళ్లు అనే లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఫొటోగ్రఫీ పిల్లలు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎవరో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు.

చేసిన పనికి డబ్బు రాకపోతే ఎవరూ ఏమీ చేయలేరన్నది హాస్టళ్లలో తిరిగే ఇంకో మాట, వింటే నాకు కోపం వస్తుంది. చిన్న వ్యాపారాల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్న చిన్న సంస్థకు, అది ఒక్క మనిషే నడిపేదైనా, 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. నమోదు మాత్రం పని ఒప్పుకోకముందే చేసుకోండి. అది పూర్తిగా ఉచితం. నా స్టూడెంట్ ఒకడు దానికి ఎవరో ఏజెంట్‌కి మూడు వేలు కట్టి వచ్చాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫ్రీలాన్స్ మొదలుపెట్టడానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అక్కర్లేదు, పాన్, బ్యాంకు ఖాతా చాలు. తెలంగాణలో సేవలకు జీఎస్టీ నమోదు ఏడాది రాబడి 20 లక్షలు దాటాకే. హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే టీ-హబ్‌ని ఒకసారి చూసొచ్చి ఇన్వెస్టర్ దొరక్కపోతే స్టూడియో పెట్టలేమని దిగులుపడకండి. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే డిజైన్ స్టూడియోకి కావలసింది అడ్వాన్స్ ఇచ్చే క్లయింట్లు.

తల్లిదండ్రులు ఫోన్ చేసి టెన్షన్ పడే విషయం ఒకటుంది. "కంపెనీవాళ్లు మా పిల్ల డబ్బులో పది శాతం కోసేశారు, మోసమా?" అని. అది టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను; పిల్ల పాన్ మీద జమ అవుతుంది. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. పదికి బదులు ఇరవై శాతం కోసి ఉంటే, క్లయింట్‌కి పాన్ నంబర్ ఇచ్చిందో లేదో ముందు పిల్లని అడగండి.