పోలండ్ జడ్జిల రిటైర్మెంట్ గొడవ

చిన్నూకి, హాసినికి ఆశీస్సులు.

మొన్న ఫోన్లో హాసిని మంచి ప్రశ్న వేసింది. "మన సుప్రీంకోర్టు జడ్జిలు 65 ఏళ్ళకే రిటైరవుతారుగా తాతయ్యా, పోలండ్ వాళ్ళూ 65 పెడితే అంత గొడవెందుకు?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

65 అన్న అంకెలో తప్పేం లేదమ్మా. దాన్ని ఎవరికి వర్తింపజేశారన్నదే చూడాలి. అక్కడ సుప్రీంకోర్టు జడ్జిల రిటైర్మెంట్ వయసు అప్పటిదాకా 70. 2015లో 'చట్టం, న్యాయం' అనే పార్టీ అధికారంలోకి వచ్చింది (పేరు చూశారా!). ఆ ప్రభుత్వం తెచ్చిన చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఇకమీదట నియమించే వాళ్ళకే 65 అని ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు. అప్పటికే పదవిలో ఉన్నవాళ్ళకీ అదే అన్నారు. దాంతో 72 మందిలో 27 మంది పదవులకు ఒక్కసారిగా ముప్పొచ్చింది. పైగా ఒక మెలిక పెట్టారు. కొనసాగాలనుకుంటే దేశాధ్యక్షుడికి అర్జీ పెట్టుకోవాలి. ఆయన కాదంటే ఎందుకని అడగడానికి లేదు, అప్పీలూ లేదు. రేపు ప్రభుత్వం మీద కేసు వినాల్సిన జడ్జి ఇవాళ ఆ ప్రభుత్వం తరఫు మనిషి దగ్గర అర్జీ పట్టుకుని నిలబడాలన్నమాట!

ప్రధాన న్యాయమూర్తి మవ్గోజాతా గెర్స్‌దోర్ఫ్‌కి రాజ్యాంగం ప్రకారం 2020 దాకా పదవి ఉంది. కొత్త చట్టం మాత్రం 2018 జూలై 3తో సరి అంది. జూలై 4 ఉదయం ఆవిడ ఎప్పటిలాగే కోర్టుకి వచ్చేసింది. బయట జనం "రాజ్యాంగం, రాజ్యాంగం" అని నినాదాలు. ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

ప్రభుత్వం ఏమందంటే, వీళ్ళంతా కమ్యూనిస్టుల కాలం నాటి వాళ్ళు, కోర్టుల్ని ప్రక్షాళన చేస్తున్నాం అని. కేసులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయని జనానికి కోపం ఉన్నమాట నిజమే. ఆ కోపం మనకీ కొత్త కాదు. కానీ జడ్జిల్ని తీసేస్తే కేసులు తొందరగా తేలతాయా?

పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం. అక్కడి జడ్జిలు యూనియన్ చట్టాన్నీ అమలు చేయాలి కాబట్టి గొడవ లక్సెంబర్గ్‌లోని యూనియన్ కోర్టుకి వెళ్ళింది. 2018 అక్టోబర్‌లో ఆ కోర్టు, తుది తీర్పు వచ్చేదాకా ఆ చట్టం అమలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఏడాది చివరికల్లా ప్రభుత్వం చట్టం మార్చి జడ్జిల్ని వెనక్కి తీసుకుంది. 2019 జూన్‌లో తుది తీర్పూ ప్రభుత్వానికి వ్యతిరేకంగానే వచ్చింది. కోర్టు తొందరగా ఉత్తర్వు ఇవ్వడమే ఇక్కడ పనిచేసింది. హంగరీలో అంతకుముందే జడ్జిల వయసు 70 నుంచి 62కి దించితే, 2012 నవంబర్‌లో అదే కోర్టు తప్పుబట్టింది. కానీ ఈలోగా చాలా పెద్ద పదవుల్లో కొత్తవాళ్ళు కుదురుకున్నారు.

పోలండ్‌లోనూ అంతా సర్దుకోలేదు. జడ్జిల్ని ఎంపిక చేసే మండలిలో 15 మంది జడ్జి సభ్యుల్ని అంతకుముందు జడ్జిలే ఎన్నుకునేవారు, 2017 చివర్లో ఆ పని పార్లమెంటు తీసుకుంది. జడ్జిల్ని శిక్షించడానికి పెట్టిన విభాగాన్ని ఆపలేదని 2021లో యూనియన్ కోర్టు పోలండ్‌కి రోజుకు 10 లక్షల యూరోల జరిమానా వేసింది. 2023లో ప్రభుత్వం మారింది. ఆ మండలి ద్వారా వచ్చిన జడ్జిలు మాత్రం రెండు వేల మందికి పైనే ఉన్నారు. వాళ్ళందర్నీ ఒక్క చట్టంతో పంపేస్తే పాత ప్రభుత్వం చేసిన పనే మళ్ళీ చేసినట్టు. ఉంచేస్తే ఆ నియామకాలకు ముద్ర వేసినట్టు. అక్కడి లాయర్లే దీని మీద రెండుగా చీలి వాదించుకుంటున్నారు.

మీరైతే ఏం చేస్తారో ఇద్దరూ విడివిడిగా రాయండి. చిన్నూ, అక్కది చూసి రాయకు.

మీ తాతయ్య