ఓటరు గుర్తింపు: సిరా చుక్క నుంచి ఆధార్ దాకా

స్వతంత్ర భారతంలో తొలి ఓటరు జాబితా తయారైనప్పుడు సిబ్బంది ఇంటింటికీ వెళ్లి పేర్లు అడిగితే, ముఖ్యంగా ఉత్తరాది ప్రాంతాల్లో, ఎందరో మహిళలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా అబ్బాయి తల్లి’ అని మాత్రమే రాయించుకున్నారు. సొంత పేరు లేనిదే ఓటరుగా నమోదు కుదరదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో, దాదాపు 28 లక్షల మంది మహిళల నమోదును రద్దు చేయవలసి వచ్చింది. మనిషిని కచ్చితంగా గుర్తుపట్టాలన్న నియమం నిజమైన ఓటర్లనే బయట నిలబెట్టడం అలా 1951-52 ఎన్నికలతోనే మొదలైంది.

అప్పట్లో దొంగ ఓటును ఆపే భారమంతా పోలింగ్ కేంద్రం మీదే ఉండేది. ఆ ఏర్పాటు చాలావరకు ఇప్పటికీ కొనసాగుతోంది. ఓటరు లోపలికి రాగానే మొదటి పోలింగ్ అధికారి జాబితాలోని వరుస సంఖ్యను, పేరును పైకి చదువుతారు. వచ్చింది ఆ మనిషి కాదని అనుమానం కలిగిన అభ్యర్థి తరఫు ఏజెంటు అక్కడికక్కడే అభ్యంతరం చెప్పవచ్చు. అందుకు 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల ప్రకారం 2 రూపాయలు డిపాజిట్ కట్టాలి. కావాలని వేసిన అభ్యంతరమని తేలితే ఆ సొమ్ము తిరిగి రాదు. తన ఓటు అప్పటికే ఎవరో వేసేశారని తెలిసిన ఓటరుకు టెండర్డ్ బ్యాలెట్ ఇస్తారు గాని, దాన్ని విడిగా సీలు చేసి ఉంచుతారే తప్ప మామూలు లెక్కింపులో కలపరు. ఇదంతా ఒకరినొకరు ఎరిగిన ఊరికి సరిపోయే పద్ధతి. పక్కింటివారి పేరు తెలియని నగరంలోనూ, ఒక పక్షం ఏజెంట్లను బయటికి తరిమేసిన బూత్‌లోనూ దానికి బలం లేదు. 1962 నుంచి మైసూరు పెయింట్స్ సంస్థ సరఫరా చేస్తున్న సిల్వర్ నైట్రేట్ సిరా, ఒకే మనిషి రెండోసారి ఓటు వేయకుండా చూస్తుంది. మొదటిసారి వచ్చింది ఎవరన్నది మాత్రం చెప్పలేదు.

ఆ లోటు తీర్చడానికే ఫొటో కార్డు ఆలోచన వచ్చింది. 1960లో కలకత్తాలోని ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ప్రయోగాత్మకంగా మొదలుపెడితే, మగ ఫొటోగ్రాఫర్ల ముందుకు రావడానికి చాలామంది మహిళలు ఒప్పుకోలేదు. పేరు చెప్పడంలో ఎదురైన బిడియమే ముఖం చూపడంలోనూ ఎదురై, ఆ ప్రయత్నం మూలపడింది. 1979లో సిక్కింలో అమలైనా, దేశవ్యాప్తంగా ఊపు వచ్చింది మాత్రం 1993లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్.శేషన్ ఉత్తర్వుతోనే. కార్డులు ఇవ్వకపోతే 1995 జనవరి 1 తర్వాత ఎన్నికలు జరపబోనని ఆయన రాష్ట్ర ప్రభుత్వాలను హెచ్చరించగా వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. చివరికి కార్డులు పూర్తిగా అందకపోయినా ఎన్నికలు జరిగాయి. కార్డు లేనివారు పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం వంటివి చూపవచ్చన్న వెసులుబాటు తర్వాత స్థిరపడింది. ఇంటికి పంచే ఓటరు స్లిప్పు ఒక్కటే చూపితే చాలదని 2019లో ఎన్నికల సంఘం స్పష్టం చేసింది.

అయితే ఓటు హక్కును ఇచ్చేది జాబితాయే తప్ప కార్డు కాదు. ఈ సంగతి చాలామందికి పోలింగ్ రోజునే, కార్డు చేతిలో పట్టుకుని వరుసలో నిలబడ్డాకనే తెలుస్తుంది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో జాబితాలో పేర్లు కనిపించలేదని ఫిర్యాదులు వెల్లువెత్తడంతో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పారు. దానికి మూడేళ్ల ముందు, 2015 మార్చిలో, జాబితాల ప్రక్షాళన కోసం ఆధార్ అనుసంధానాన్ని ఎన్నికల సంఘం దేశమంతటా ప్రారంభించి, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆగస్టులో నిలిపివేసింది. 2021 డిసెంబరులో చట్టాన్ని సవరించి మళ్లీ దారి వేశారు. ఆధార్ ఇవ్వడం స్వచ్ఛందమని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. దరఖాస్తు ఫారంలో మాత్రం ఇవ్వడం లేదా తమకు ఆధార్ లేదని ప్రకటించడం తప్ప మూడో గడి లేదు. ఈ ఫారాలను సరిచేస్తామని సంఘం 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు చెప్పే నాటికి 66 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు చేరిపోయాయి.

అనుమానం బూత్ నుంచి జాబితా మీదికి ఎంతగా మళ్లిందో 2025లో బీహార్ చూపించింది. జూన్ 24న ప్రకటించిన ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో, 2003 నాటి జాబితాలో పేరు లేనివారు సూచించిన 11 పత్రాల్లో ఒకటి ఇవ్వాలన్నారు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారు, వలస పోయారు, రెండుచోట్ల ఉన్నారు అన్నది సంఘం వివరణ. ఎవరి పేరు ఎందుకు తీశారో చెప్పాలన్నది ప్రతిపక్షాల, పౌర సంఘాల వాదన. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. నా దృష్టిలో అసలు మలుపు అదే, ఎందుకంటే పేరు పైకి చదివితే విని అభ్యంతరం చెప్పగల పాత బూత్ సూత్రం ఆ ఆదేశంతో జాబితాకూ వర్తించింది. సెప్టెంబరు 8న కోర్టు, పౌరసత్వానికి కాకుండా గుర్తింపుకు మాత్రమే రుజువుగా ఆధార్‌ను 12వ పత్రంగా చేర్చమంది. సంఘం తానే జారీ చేసిన ఓటరు కార్డు మాత్రం, పాత జాబితా ఆధారంగా పుట్టినది కొత్త జాబితాకు రుజువు కాజాలదన్న కారణంతో, ఆ పన్నెండింటిలో చేరలేదు.