‘వెయివ్’ అంటే మాఫీ చేయడమేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: వెయివ్ (waive) అనే ఇంగ్లిష్ మాటకు అర్థం రద్దు చేయడం.

వాస్తవం: తన హక్కునో, తాను పెట్టిన షరతునో పట్టుబట్టకుండా వదులుకోవడం వెయివ్. నిబంధన అలాగే ఉంటుంది, ఒకరికో ఒక ఏడాదికో అమలు చేయరంతే. యూనివర్సిటీ మీకు జీఆర్ఈ వెయివ్ చేసిందంటే మీ స్కోరు అడగదు. నిబంధననే ఎత్తేస్తే దానికి ‘అబాలిష్’ ఉంది.

అపోహ: పైవాళ్లు కిందివాళ్లకు చేసే మేలే వెయివ్.

వాస్తవం: మన హక్కును మనమే వెయివ్ చేసుకోవచ్చు. పారాగ్లైడింగ్‌కు ముందు సంతకం పెట్టించుకునే వెయివర్ (waiver) పత్రం అలాంటిదే. దెబ్బ తగిలితే దావా వేసే హక్కును వదులుకుంటున్నది మీరు. చదవకుండా సంతకం చేయకండి.

అపోహ: ‘వెయివ్ ఆఫ్’ అనాలి.

వాస్తవం: ‘ఆఫ్’ అక్కర్లేదు. మన ఇంగ్లిష్ పత్రికల్లో తరచూ కనిపిస్తుంది గానీ పరీక్షలో, ఆఫీసు లెటర్లో రాయకండి. పైగా ‘రైట్ ఆఫ్’ (write off)తో కలిపేసుకునే ప్రమాదం ఉంది, అసలు చిక్కు అక్కడే. లోన్ వెయివర్ అంటే రుణమాఫీ, మాఫీ అయినంత మేర ఇక కట్టక్కర్లేదు. రైట్ ఆఫ్ బ్యాంకు తన పద్దుల్లో చేసుకునే సర్దుబాటు. బాకీ బాకీగానే ఉంటుంది, వసూలుకు బ్యాంకు వస్తూనే ఉంటుంది. 2008 నాటి కేంద్ర పథకం పేరే చూడండి: అగ్రికల్చరల్ డెట్ వెయివర్ అండ్ డెట్ రిలీఫ్ స్కీమ్. చిన్న, సన్నకారు రైతులకు అర్హమైన మొత్తమంతా పోయింది, అది వెయివర్. మిగతా రైతులకు 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు, అది రిలీఫ్. రెండు మాటలూ ఊరికే పెట్టలేదు.

అపోహ: ‘ఐ వాజ్ వెయివ్డ్ ఫ్రమ్ ది ఫీ’ సరైన వాక్యమే.

వాస్తవం: వెయివ్ అయ్యేది ఫీజు, గడువు, షరతు, హక్కు. మనిషి కాదు. ‘ది ఫీ వాజ్ వెయివ్డ్ ఫర్ మీ’ అనండి. మనిషితోనే మొదలుపెట్టాలనుకుంటే ‘ఐ వాజ్ ఎగ్జెంప్టెడ్ ఫ్రమ్ ది ఫీ’. (అమెరికా క్రీడాజట్లు ఆటగాళ్లను వెయివ్ చేస్తాయి, ఆ వాడుక వేరు.) మెయిల్‌లో ‘కుడ్ యూ ప్లీజ్ వెయివ్ ది అప్లికేషన్ ఫీ?’ అని అడిగి, వెంటనే కారణం ఒక్క వాక్యంలో చెప్పండి.

అపోహ: స్పెల్లింగ్ తప్పితే కంప్యూటర్ పట్టేస్తుంది.

వాస్తవం: అన్నిసార్లూ పట్టదు. ‘ఐ’ అక్షరం జారితే చేయి ఊపే ‘వేవ్’ (wave) అవుతుంది, వెయివర్ కాస్తా తటపటాయించే ‘వేవర్’ (waver) అవుతుంది. పలకడం ఒకేలా, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే.