మన కొండల వాన లెక్క

పార్వతీపురం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మునుపటిలా వానలు పడటం లేదని పెద్దలు అనుకోవడం మీరు వింటూనే ఉంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. అయితే వాన తగ్గిందా, లేక కురిసే తీరు మారిందా అన్నది తేలనిదే మెట్టున చోడి (రాగి) వేయాలో, పల్లంలో వరి ఉభాలకు (నాట్లకు) ఎప్పుడు సిద్ధం కావాలో నిర్ణయించలేము. అందుకే ఆ లెక్కను ఎలా చూడాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఏడాది మొత్తాన్ని మాత్రమే చూసి తృప్తిపడకండి. మనకు వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాల వల్ల వస్తుంది. ఆ తరువాత బంగాళాఖాతపు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. అలాంటి తుపాను ఒకటి రెండు రోజుల్లో కురిపించే వాన ఏడాది మొత్తాన్ని ఎంతో పెంచేస్తుంది గానీ, జూలైలో చినుకు లేక ఎండిపోయిన ఆకుమడిని తిరిగి బతికించదు. కాగితం మీద ఆ సంవత్సరం బాగున్నట్టే కనిపిస్తుంది.

కాబట్టి ఎన్ని రోజులు కురిసిందో కూడా లెక్కించాలి. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిసిన రోజునే వాన రోజుగా గుర్తిస్తుంది, 64.5 దాటితే అది భారీ వర్షం. ఒక ఆగస్టులో 200 మిల్లీమీటర్లు పదిహేను రోజుల్లో నెమ్మదిగా కురిసిందనుకోండి, మరో ఆగస్టులో అదే 200 రెండు రోజుల్లో కురిసిందనుకోండి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు నాలుగు వేల లీటర్ల నీరు. కొండవాలున మన్ను పలుచన కనుక, రెండు రోజుల్లో దిగిన ఆ నీటిని పట్టి ఉంచలేదు. అది పోడు చేనులోని మన్నును కూడా తీసుకుని గెడ్డల్లోకి, అక్కడి నుంచి నాగావళిలోకి పోతుంది. చెరువులు నిండవచ్చు, మెట్ట పంట మాత్రం పది రోజులకే వాడుతుంది. సగటు రెండింటికీ ఒక్కటే.

మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు నమోదైన రోజువారీ లెక్కలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఋతుపవన కాలపు మొత్తం పెద్దగా మారకపోయినా భారీ వర్షాలు పెరిగాయనీ, ఓ మోస్తరు వానలు తగ్గాయనీ 2006లో ప్రకటించారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలగడం దీనికి ఒక ముఖ్య కారణం. ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా మన తూర్పు కనుమలకు అంటగట్టడం నాకు సమ్మతం కాదు. తేమ గాలి కొండకు తగిలి పైకి లేచి చల్లబడిన వైపున వాన ఎక్కువ, అవతలి వైపున తక్కువ. లోయలోని వర్షమాపకం పైనున్న గూడేనికి సాక్ష్యం చెప్పలేదు.

పాత పుస్తకాల్లో జిల్లా సగటులు చూసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం నుంచి విడివడింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో సీతంపేట, కురుపాం వంటి కొండ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. పేరు అదే ఉన్నా, సగటులో చేరే ఊళ్లు మారిపోయాయి. అందుచేత జిల్లా అంకెను కాక, ఒకే చోట కనీసం ముప్పై ఏళ్లు కొనసాగిన నమోదును తీసుకుని, మొదటి పదేళ్లనూ చివరి పదేళ్లనూ నెలవారీగా పోల్చండి. ఎక్కడో ఒక కరవు ఏటి నుంచి లెక్క మొదలుపెడితే వాన పెరిగినట్టూ, తుపాను ఏటి నుంచి మొదలుపెడితే తగ్గినట్టూ కనిపించి మోసపోతారు.

మీ బడిలో వర్షమాపకం పెట్టదలిస్తే చెట్టుకూ గోడకూ దూరంగా, ఆరుబయట పెట్టి, ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకే కొలవండి. వాన పడని రోజున సున్నా రాయండి. ఆ గడిని ఖాళీగా వదిలితే, వాన పడలేదో, కొలిచేవారు రాలేదో, ముప్పై ఏళ్ల తరువాత దాన్ని చదివేవారికి తెలియదు.

ఇట్లు,
మీ తాతయ్య