వయసు నిబంధన వివాదం వెనుక 2021 సెప్టెంబరు

16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి రావడంతో, ఈ వేదికలు పిల్లల మనసును దెబ్బతీస్తున్నాయనడానికి రుజువేదన్న పాత వాదన మళ్లీ వినిపిస్తోంది. ఆ రుజువులో కొంత భాగం ఎవరి బీరువాలో ఉండిపోయిందో 2021 సెప్టెంబరులోనే తేలింది.

ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హౌగెన్ బయటపెట్టిన అంతర్గత పత్రాల ఆధారంగా ఆ నెల 14న అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్, ఫేస్‌బుక్‌కే చెందిన ఇన్‌స్టాగ్రామ్‌పై ఒక కథనం ప్రచురించింది. ప్రతి ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి తన శరీరంపై ఉన్న అసంతృప్తిని తమ వేదికే పెంచుతోందని 2019 నాటి స్లైడులో కంపెనీ పరిశోధకులే రాసుకున్నారు. తమలో ఆందోళన, కుంగుబాటు పెరగడానికి ఇన్‌స్టాగ్రామే కారణమని టీనేజర్లు తమంతట తామే చెప్పారని మరో స్లైడు నమోదు చేసింది. ఇవన్నీ కంపెనీ దగ్గర ఉండగానే, ఇతరులతో కలిసిమెలిసి ఉండటానికి ఇలాంటి యాప్‌లు వాడితే మానసికంగా మేలు జరగవచ్చని పరిశోధనలు చెబుతున్నాయంటూ 2021 మార్చిలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ అమెరికా కాంగ్రెస్‌కు విన్నవించారు.

పరిశోధనను వక్రీకరించారని, తాము అడిగిన 12 సమస్యల్లో 11 విషయాల్లో ఇబ్బంది పడుతున్న అమ్మాయిలు ఇన్‌స్టాగ్రామ్ వల్ల తమ స్థితి మెరుగుపడిందే తప్ప దిగజారలేదన్నారని కంపెనీ బదులిచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ శరీరాకృతి గురించిన బాధే. అదే నెలాఖరున అమెరికా సెనేటర్ రిచర్డ్ బ్లూమెంథాల్ కార్యాలయం 13 ఏళ్ల బాలిక పేరిట ఖాతా తెరిచి విపరీత డైటింగ్‌కు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలకు చెందిన కొన్ని ఖాతాలను అనుసరించగా, విపరీతంగా కడుపు మాడ్చుకోవడాన్ని ప్రోత్సహించే ఖాతాలు వరుసగా సిఫారసుల్లోకి వచ్చాయి.

డిజిటల్ సాధనాల వాడకం యువత మానసిక శ్రేయస్సులోని తేడాల్లో 0.4 శాతానికి మించి వివరించదన్న పరిశోధకులు ఆర్బెన్, ప్రిజిబిల్‌స్కీల 2019 నాటి అధ్యయనాన్ని చట్టాన్ని వ్యతిరేకించేవారు చూపుతారు. అది తోసిపుచ్చదగినది కాదు. అయితే పిల్లలు సర్వేల్లో స్వయంగా చెప్పిన జవాబుల నుంచి తీసిన సగటు అది; ఏ పిల్లకు ఏ పోస్టు ఎన్నిసార్లు చూపించారన్న లెక్క కంపెనీల దగ్గరే ఉంటుంది. అందుకే 2023 అక్టోబరు 24న పదుల సంఖ్యలో అమెరికా రాష్ట్రాలు మెటాపై (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) వేసిన దావాలు పిల్లల వయసు దగ్గర ఆగక, వారిని కట్టిపడేసేలా వేదికను రూపొందించారన్న ఆరోపణపై నిలబడ్డాయి. మెటా దాన్ని ఖండించింది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి డేటా వాడకానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతూ, వారి ప్రవర్తనపై నిఘాను, వారిని ఉద్దేశించిన ప్రకటనలను స్థూలంగా నిషేధించింది. పిల్లలపై కంపెనీలు చేయించుకున్న పరిశోధనలను బయటపెట్టాలన్న నిబంధన మాత్రం అందులో లేదు.