వాన కంటే మబ్బే పుల్లన

మన స్కూలు పుస్తకాల్లో ఆమ్ల వర్షం అనగానే తాజ్‌మహల్ బొమ్మే. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రం ఈ గొడవ చెట్ల దగ్గర ముదిరింది, అదీ కొండల మీది చెట్ల దగ్గర.

వానలో ఆమ్లం ఉందని ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1852లోనే రాశాడు. ఆ తర్వాత వందేళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1963లో న్యూ హాంప్‌షైర్ కొండల్లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో పర్యావరణ శాస్త్రవేత్త జీన్ లైకెన్స్ బృందం పట్టిన వాన నీటి పీహెచ్ 3.7 దాకా దిగి ఉంది. మామూలుగా 5.6 దగ్గర ఉండాలి. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. (మన దగ్గర చాలాచోట్ల గాలిలోని దుమ్ము, అందులోని కాల్షియం ఆమ్లాన్ని విరిచేస్తాయి. అక్కడ ఆ దుమ్ము తక్కువ.)

ఫ్యాక్టరీలు లేని అడవిలోకి ఆమ్లం ఎలా వచ్చింది? పడమట ఒహాయో లోయలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి. 1970లో గాలి శుభ్రత చట్టం (క్లీన్ ఎయిర్ యాక్ట్) వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళ గాలి బాగుండాలని చాలాచోట్ల పొగగొట్టాలు ఇంకా ఎత్తు కట్టారు. ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి, పొగ వందల కిలోమీటర్లు పోయింది. ఆ సల్ఫర్ డయాక్సైడ్ మబ్బు బిందువుల్లో కరిగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారింది.

వాన చుక్కలో నీళ్ళు ఎక్కువ, ఆమ్లం పలచబడుతుంది. మబ్బు బిందువు మరిగించి దించిన చారు లాంటిది. న్యూయార్క్ రాష్ట్రంలో 1,483 మీటర్ల ఎత్తున్న వైట్‌ఫేస్ పర్వతం మీద 1976 నుంచి మబ్బు నీటిని పడుతున్నారు. నిలువుగా బిగించిన టెఫ్లాన్ దారాలకు గాలి మబ్బును కొడుతుంది. బిందువులు దారం వెంట జారి కింది సీసాలో చేరతాయి. వాన పడుతుంటే పట్టరు, రెండూ కలిసిపోతాయి కాబట్టి. 1980లలో ఈ కొండల వాన పీహెచ్ 4 పైన ఉంటే మబ్బు నీటిది 3.5 చుట్టూ తిరిగేది. లోయలో వానమాపకం పెట్టి కొండ మీద ఎంత ఆమ్లం పడుతోందో చెప్పడం కుదరదని అప్పుడు తేలింది.

అప్పటికే చెట్లు పోతున్నాయి. వెర్మాంట్‌లోని కామెల్స్ హంప్ కొండ మీద 1965లో లెక్కపెట్టిన రెడ్ స్ప్రూస్ చెట్లు 1979 నాటికి దాదాపు సగమయ్యాయి. మబ్బు ఆమ్లం సూదుల్లాంటి ఆకుల్లోంచి కాల్షియాన్ని లాగేస్తుంది. కాల్షియం తగ్గిన ఆకు చలికి ఆగదు, ఎర్రబడి రాలిపోతుంది. జనానికి కనిపించింది చలి దెబ్బే. అసలు కారణం రుజువయ్యేసరికి 1990లు వచ్చాయి.

1990లో ఆ గాలి చట్టాన్ని సవరించారు, 1995 నుంచి విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి పెట్టారు. ఇప్పటికి అది 90 శాతానికి పైగా తగ్గింది. స్ప్రూస్ మళ్ళీ ఏపుగా పెరుగుతోంది. నన్నడిగితే, పర్యావరణ చట్టం ఇంత సూటిగా పనిచేసిన సందర్భాలు అరుదు.

అయితే వైట్‌ఫేస్ సీసాలోకి ఇప్పుడు వేరే సరుకు వస్తోంది. సల్ఫేట్ (సల్ఫ్యూరిక్ ఆమ్లంలోని సల్ఫర్ భాగం) తగ్గాక అమ్మోనియం, సేంద్రియ కర్బనం ముందుకొచ్చాయి. అమ్మోనియంగా మారే అమ్మోనియా వాయువు ఎక్కువగా ఎరువులు, పశువుల పేడ నుంచి వస్తుంది. కర్బనంలో కొంత అడవుల సహజ ఆవిరి, కొంత కార్చిచ్చుల పొగ. 1990 నాటి ఆమ్ల వర్షాల కార్యక్రమంలో ఈ రెండింటికీ పరిమితి లేదు. సేంద్రియ కర్బనాన్ని అక్కడ ఏటా కొలవడం మొదలైందే 2009లో.